ఆవిడ చేతి విత్తనం

మా పెరట్లో విత్తనం నేను వెయ్యను. చేతకాక కాదు. నేను వేసింది మొలవదు, మొలిస్తే కాయదు, కాస్తే చేదెక్కుతుంది. ఒక ఏడాది నేను పెట్టిన దోసపాదు కాయలన్నీ విషంలా ఉంటే మా అత్తగారు కంచం పక్కకి జరిపి, నీ నోరు తగిలుంటుందే దానికి, అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేనూ పెద్దగా పోట్లాడలేదు. కొంచెం పోట్లాడాను.

అందుకని ఏటా తొలకరి పడ్డాక మా పెరట్లో విత్తనాలు వేసేది మా వెనక తోట వదినగారు. మాకు చుట్టమేమీ కాదు. మా దడి వెనక ఉన్న కొబ్బరితోట ఆవిడది, పుట్టింటివాళ్ళు ఇచ్చారు. కాపురం కాలవ అవతల వేరే ఊళ్ళో. కొబ్బరికాయ దింపు తీయించినప్పుడల్లా వచ్చి, చెట్ల కింద కుర్చీ వేయించుకుని కూర్చుని, కాయలు పోగులు పెట్టించి వెళ్ళేవారు. నేను కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, ఒక దింపు నాడు దాహమేసి మా నూతి దగ్గరకి వచ్చారు. నీళ్ళు తాగి మూతి తుడుచుకుని, ఇంత తియ్యటి నీళ్ళు పెట్టుకుని పెరడిలా బీడు పెట్టేసేరేంటండీ, అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మంచినీళ్ళకి వచ్చినావిడ నాకు పాఠం చెప్పడమేమిటి? మర్నాడు ఆవిడ కొంగున ఆనపగింజలు కట్టుకొచ్చి, నన్ను అడక్కుండానే నూతి పక్కన పాదు చేసి పెట్టేశారు. ఆ ఏడు మా ఆనపకాయలు తినని ఇల్లు మా వీధిలో లేదు. అప్పట్నుంచి ఆవిడ నాకు వదినగారు, నేను ఆవిడకి వదినగారు.

ఆవిడ చెయ్యి అంత మంచిది. ఎండిపోయిన మోడు పట్టుకొచ్చి పాతినా చిగురేస్తుంది. కానీ ఆవిడకి ఒక పట్టింపు ఉంది. బతకదని తెలిసిన చోట విత్తనం వెయ్యరు. మా ఎదురింటివాళ్ళు ఒకసారి ఆవిడని బతిమాలి పెరట్లోకి తీసుకెళ్ళారు. ఆ ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టుకుంటారని ఆవిడకి ఎవరో చెప్పారు. అంతే, బెండగింజ ఒక్కటి కూడా వెయ్యలేదు. చచ్చిపోతుందని తెలిసీ భూమిలో పెట్టడం తప్పండి, అని మర్యాదగా చెప్పి వచ్చేశారు. ఎదురింటావిడ నాతో మాట్లాడటం మానేసింది, ఆవిడని తీసుకొచ్చింది నేనే కాబట్టి.

ఇక కిందటేడు తొలకరి సంగతి. రెండు వానలు బాగా పడ్డాయి. ఆదివారం వస్తున్నానని వదినగారు ఫోన్ చేశారు. శనివారం సాయంత్రం మా ఆయన అమలాపురంలో ఆఫీసు నుంచి వస్తూ మలుపులో టీ తాగడానికి ఆగితే, తోటలో దింపు తీసే అతను కనిపించి చెప్పాడట. వెనక తోట ఇంక ఉండదు, కార్తీకం వెళ్ళాక చెట్లు కొట్టేసి రొయ్యల చెరువు తవ్వుతున్నారు, అని. తెల్లదోమ పట్టి కాపు పడిపోయింది. వదినగారి అబ్బాయి చదువై ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాడు, చెరువు తనే చూసుకుంటానన్నాడు. తోట ఆవిడ పేరున ఉంది కాబట్టి ఆవిడ సంతకం ఒక్కటే కావాలి. సోమవారం అమలాపురం వెళ్ళి ఆ పని కూడా కానిచ్చేస్తారు.

నా గుండెల్లో రాయి పడింది. మా ఊరి నుంచి కాట్రేనికోన వైపు పోయే దారి పొడుగునా ఇప్పుడు చెరువులే. చెరువు వచ్చిన చోటల్లా చుట్టుపక్కల నూతులు ఉప్పెక్కిపోయాయి. మా ఆడపడుచు ఇంట్లో ఆ నీళ్ళు పోసి పప్పు ఎసరు పెడితే మధ్యాహ్నం దాకా ఉడికినా గింజకి గింజ విడిగానే ఉంటుంది. తాగడానికి టిన్నులు కొనుక్కుంటారు. ఆవిడ పెరట్లో గోంగూర కూడా అంచులు మాడి చచ్చిపోయింది. గోంగూర చచ్చిపోయిన నేలలో ఇంకేం బతుకుతుంది? మా నుయ్యి ఆ తోట దడికి ఆనుకునే ఉంటుంది.

రేపు చెల్లెమ్మగారొస్తే ఆ ఊసెత్తకు, అన్నారు మా ఆయన, ఆయనకి వదినగారు చెల్లెమ్మగారు. నువ్వు అడిగావంటే ఆవిడ మన మొహం చూసి సంతకం పెట్టరు, దాంతో వాళ్ళింట్లో తల్లీ కొడుకులకి చెడుతుంది, పిల్లాడి బతుకుతెరువుకి మనం అడ్డం పడ్డట్టు అవుతుంది, అని. నీళ్ళదేముంది, కొళాయి ఉందిగా, అన్నారు. దానికి నేనేమన్నానో ఇక్కడ రాయను. చాలా అన్నాను. మా అత్తగారు అరుగు మీంచి, ఎవరే అక్కడ, ఎవరు పోయారు, అని అడిగేటంతగా అన్నాను. కానీ అన్నీ అనేశాక చూస్తే ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఆ పిల్లాడు నాకు తెలుసు. మంచివాడు. వాడి నోటి దగ్గర కూడు నేను తీసేస్తానా? సరే, నోరు కట్టేసుకుంటాను, అన్నాను. మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తి, నువ్వా, అంది.

అడగనని మాటైతే ఇచ్చాను గానీ, తెలుసుకోకుండా ఉండగలనా? ఆవిడ విత్తనం వేస్తే తోట ఉంటుంది, వెయ్యకపోతే పోతుంది, అని నాకు నేనే ఒక లెక్క పెట్టేసుకున్నాను. ఆవిడ పట్టింపు నాకు తెలుసు కదా. మరి ఒక్క మాట అడక్కుండా తెలిసే దారి ఉంటే వదులుకుంటానా?

ఆదివారం పొద్దున్నే అన్నయ్యగారు, అంటే వదినగారి భర్త, ఆవిడని బండి మీద తీసుకొచ్చి గుమ్మంలో దింపారు. లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురు గాని, అంటే, సాయంత్రం వస్తాలెండి చెల్లెమ్మగారూ, అని నవ్వి వెళ్ళిపోయారు. ఎప్పుడూ ఇలాగే అంటారు. ఆ వేళ మాత్రం ఆ నవ్వులో ఏమైనా ఉందా అని బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. వదినగారి చేతిలో గోనెసంచి ఉంది. విత్తనాలు తెచ్చారు. నాకు కాస్త ఊపిరొచ్చింది. వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. ఏటా తెస్తారు కాబట్టి అలవాటుగా తెచ్చి ఉంటారు, తేవడానికీ వెయ్యడానికీ చాలా తేడా ఉంది, అని.

ఇంతలో మా ఆయన సంచీ ఊపుకుంటూ బజారు నుంచి వచ్చారు. ఏం తెచ్చారో చూద్దును కదా, పచ్చి రొయ్యలు. నేను ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్ళి, మీకు బుద్ధుందా, అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. ఆదివారం కదాని తెచ్చాను, చెల్లెమ్మగారికి మామిడికాయ వేసిన రొయ్యలంటే ఇష్టం కదా, అన్నారు. అదీ నిజమే. ఏటా ఆ రోజు అదే వండుతాను. ఈసారి మానేస్తే ఎందుకు మానేశానో ఆవిడ కనిపెట్టేస్తారేమో. వండితే ఏమనుకుంటారో. చివరికి వండటానికే నిశ్చయించుకున్నాను. ఒలుస్తున్నంతసేపూ ఒక్కో రొయ్యనీ తిట్టుకుంటూ ఒలిచాను.

పెరట్లో మాత్రం పెళ్ళివారిల్లులా ఉంది. మా ఆయన లుంగీ ఎగ్గట్టి పార పట్టారు. మా అమ్మాయి పశువుల ఎరువు తట్టకెత్తి మోస్తూ, వానపాము కనిపించినప్పుడల్లా ఎగిరి గంతేస్తోంది. అత్తగారు అరుగు మీద కూర్చుని ఏ పాదు ఎక్కడ చెయ్యాలో అందరికీ చెప్తున్నారు, ఎవరూ వినడం లేదు. అన్నయ్యగారు పార పట్టుకుంటే ఫైలు పట్టుకున్నట్టే ఉందండి, అని వదినగారు మా ఆయన్ని ఆటపట్టిస్తున్నారు. వాన వెలిసిన ఎండ. తడిమట్టి వాసన. ఎవరైనా ఆ దడి మీంచి తొంగి చూస్తే, ఎంత చక్కని సంసారం, అనుకుని వెళ్తారు. నాకేమో కాలు ఒక చోట నిలవడం లేదు. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను.

ఆవిడ గోనెసంచి విప్పడానికి ఎంత ఆలస్యం చేశారో చెప్పలేను. ముందు పాదులు చూశారు. తరవాత మట్టి చేతిలోకి తీసుకుని నలిపారు. తరవాత అత్తగారి పక్కన కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. తరవాత మా అమ్మాయి చదువు. ఎవరైనా మోకాళ్ళ గురించి అంతసేపు మాట్లాడతారా? అయిపోయింది, వెయ్యరు, తోట పోయింది, అనుకున్నాను. చేతిలో గరిట ఉంటే అది పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయాను.

అప్పుడు లేచి కొంగు బిగించి, సంచిలోంచి ఆనపగింజలు తీశారు. నూతి పక్కన పాదులో వేలితో గుంట చేసి, గింజ ముక్కు కిందికి పెట్టి, మట్టి కప్పి, అరిచేత్తో ఒకసారి అదిమారు. పసిపిల్లని జోకొట్టినట్టు రెండుసార్లు తట్టారు. ఆ తట్టడం చూసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. బీర వేశారు. బెండ వేశారు. మడిలో గోంగూర, తోటకూర చల్లారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఎవరికీ కనపడకుండా దేవుడి గూటికి దణ్ణం పెట్టుకున్నాను. మా ఆయన చేతులు కడుక్కోవడానికి వస్తే, చూశారా, ఆ దింపు అతనికి ఏమీ తెలీదు, ఊరికే వాగుతాడు, అన్నాను. ఆయన కూడా, అదేనే, నేను అప్పుడే అనుకున్నాను, అన్నారు. ఎప్పుడనుకున్నారో మరి.

భోజనాలకి కూర్చున్నాం. మామిడికాయ రొయ్యలు, పప్పు, ఆవకాయ. పప్పు వెన్నలా ఉడికింది, మా నూతినీళ్ళకి. వదినగారు రొయ్యల కూర వేయించుకున్నారు గానీ అన్నంలో కలుపుతూ కూర్చున్నారు. అత్తగారు ఒక ముద్ద తిని, ఇవి చెరువు రొయ్యలే, ఏటి రొయ్యల రుచి వీటికెక్కడిది, ఊళ్ళన్నీ చెరువులైపోతున్నాయి, ఎవరికి పోయేకాలం వచ్చిందో, అన్నారు. ఆవిడకి ఈ సంగతేమీ తెలీదు. మేమూ చెప్పలేదు, చెప్తే ఊరంతా చెప్పినట్టేనని. మా ఆయన పచ్చడి సీసా కోసం చెయ్యి చాపి మజ్జిగ గ్లాసు దొర్లించేశారు. నేను తుడవడానికి గుడ్డ కోసం లేచాను. తిరిగి వచ్చేసరికి వదినగారు తల వంచుకుని తింటున్నారు. ఆకు ఖాళీ చేశారు. బాగుందండి, అన్నారు. మామూలుగా అయితే ఉప్పు చాలలేదనో, మామిడికాయ పులుపు చాలలేదనో ఏదో ఒక వంక పెడతారు. బాగుంది అనడం నాకు బాగాలేదు.

భోజనాలయ్యాక మా ఆయన మడతమంచం మీద ఒరిగారు. అమ్మాయి, అత్తగారు నిద్రపోయారు. నేను అంట్లు పడేయడానికి పెరట్లోకి వెళ్ళి, నూతి గట్టు వెనక చూశాను. అక్కడ ఆవిడ కోసం మేము తీసిపెట్టిన విత్తనం పసుపు తట్టలో అలాగే ఉంది. దాని పక్కన కంద ముక్కలు ఉన్నాయి. దడికి ఆనించి రెండు అరటి పిలకలు ఉన్నాయి. వాటికి మట్టి ఎగదోసి చేసిన బోదెలు, గుంటలు ఖాళీగా ఉన్నాయి. పసుపు మా పెరట్లో ప్రతి ఏడూ మొట్టమొదట వేసేది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు, పొద్దుటి సంబరంలో నేను చూసుకోలేదు.

వదినగారు కాళ్ళు కడుక్కోవడానికి వచ్చారు. పసుపు మిగిలిపోయిందండి, అన్నాను. ఇంకో వాన పడనివ్వండి, చూద్దాంలెండి, అన్నారు, నా మొహం చూడకుండా. నేల చూస్తే చేత్తో పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఇంకో వాన ఎందుకు? అప్పుడు నాకు అర్థమైంది. తోటకూర నెల తిరక్కుండా కోసుకుంటాం. బెండ, గోంగూర, బీర, ఆనప, అన్నీ కార్తీకం లోపల కాసి అయిపోయేవే. పసుపు తవ్వేది మాఘంలో. కంద కూడా అప్పుడే. అరటి గెల వెయ్యాలంటే ఏడాది. ఆవిడ కార్తీకం దాకా బతికేవి వేశారు. ఆ తరవాత దాకా బతకాల్సినవి వదిలేశారు. పొద్దున్న నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నప్పుడు ఆవిడ లెక్క చూసుకుని మరీ గింజలు వేస్తున్నారన్నమాట.

నోటి దాకా వచ్చింది. మింగేశాను. మాటిచ్చాను కదా. అంట్లగిన్నెలు మోసుకుని వంటింటి వెనక గట్టు మీద కూర్చుని తోమడం మొదలుపెట్టాను. తోమడం కాదది, వాటితో పోట్లాట. కళ్ళలోంచి నీళ్ళు వస్తున్నాయి, బూడిద చేతులతో తుడుచుకోలేక భుజానికి తుడుచుకుంటున్నాను. ఆవిడ వచ్చి నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నారు. కాసేపు నేను తోమినవి అందుకుని చెంబుతో నీళ్ళు పోసి తొలిచారు. తరవాత అన్నారు.

"వదినగారూ, పొద్దున్నించీ మీరు నన్నొక మాట అడుగుతారని చూస్తున్నానండి."

ఏ మాటండీ, అన్నాను. దొంగకి కూడా అంతకంటే మంచి గొంతు వస్తుంది.

"మీకు తెలుసండి. తెలీకపోతే మీరిలా ఉండరు. ఇంత మెత్తగా నాతో ఎప్పుడు మాట్లాడేరు మీరు?"

ఇంక దాచి లాభం లేదు. తెలుసని ఒప్పుకున్నాను. అడగొద్దని మా ఆయన అన్నారని, వాళ్ళింట్లో మావల్ల మాట పట్టింపులు రాకూడదనీ, పిల్లాడి బతుకు చూడాలి కదా అనీ, మూట విప్పినట్టు అన్నీ చెప్పాను. ఆవిడ చెంబు కిందపెట్టారు.

"ఇంట్లో అందరూ నన్ను సంతకం అడిగేరండి. వద్దనే మనిషి ఒక్కళ్ళు లేరు. ఆ చెట్లు మా నాన్న పాతినవి. నాకిష్టం లేదండీ అంటే, నీకేం తెలుసు ఊరుకో అన్నారు. మా వాడైతే, చెట్లు ముఖ్యమా నేను ముఖ్యమా అన్నాడు. దానికేం చెప్తానండి? మీరు అడుగుతారు, మీ మాట పట్టుకుని నిలబడదాం, అనుకుని వచ్చేను. మీరేమో పొద్దున్నే రొయ్యలొలుచుకుంటూ కూర్చున్నారు, కూరొండి పెట్టేరు."

నేను గిన్నె తోమడం ఆపాను.

"మీకూ పర్లేదేమో అనుకున్నాను. మీకే పర్లేనప్పుడు నేనెవరి కోసం పట్టుబట్టాలండి? రేపు వెళ్ళి పెట్టేద్దాం అనుకుని, ఆఖరిసారి కదాని ఉన్నంతలో వేసేను."

అప్పుడొచ్చింది నాకు కోపం. ఆవిడ మీద కాదు, మా ఆయన మీద కూడా కాదు. మా వైపు మనుషుల మొహమాటం మీద. ఒకళ్ళు నొచ్చుకుంటారని ఒకళ్ళం నోళ్ళు మూసుకుని, అన్నిటికీ సరేనన్నట్టు ఆయ్ ఆయ్ అంటూ, నవ్వుతూ, విస్తట్లో ఇంకాస్త వడ్డిస్తూ, నూతిలో ఉప్పు పోసేసుకుంటాం. చేతిలో గిన్నె అవతలకి గిరాటేశాను. నిద్రపోతున్న అత్తగారు లేచి కూర్చున్నారు.

"పర్లేదని మీకెవరు చెప్పేరు? సంతకం పెట్టకండి. నాకా నీళ్ళు కావాలి. ఈ పెరడు కావాలి. మీ దింపు ఉండాలి. దింపు లేకపోతే ఇంక మీరు ఈ దారినే రారు, ఏం పని మీద వస్తారు? మీరు నాకు కావాలి. పిల్లాడికి ఇంకో దారి చూద్దాం, నేనూ చూస్తాను. పెట్టకండి."

ఏడుస్తూ అన్నానో అరుస్తూ అన్నానో నాకు గుర్తు లేదు. మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉన్నారు. వదినగారు నా మొహంలోకి చూసి, ఆయ్, అన్నారు. అంతే. లేచి కొంగు దోపుకుని తిన్నగా నూతి వెనక్కి వెళ్ళారు.

ఆవిడ పసుపు వేస్తుంటే మేమందరం చుట్టూ ఉన్నాం. పొద్దుటి హడావుడి లేదు. మా ఆయన బోదె సరిచేస్తున్నారు, అమ్మాయి కొమ్ములు అందిస్తోంది, నేను తట్టతో ఎరువు తెస్తున్నాను. ఎవరూ ఎవరినీ ఆటపట్టించలేదు. ఒక్కో కొమ్మూ కన్ను పైకి ఉండేలా పెట్టి, కప్పి, తడుతున్నారు ఆవిడ. నాకు సంతోషం వేస్తుందేమో అనుకున్నాను గానీ, వెయ్యలేదు. అడగడం అయిపోయింది. ఇచ్చేశారు. ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పాల్సింది మాత్రం ఆవిడ ఒక్కరే. నేను కూడా వస్తానండి మీతో, అన్నాను. వద్దండి, మీరొస్తే మీరు నూరిపోసేరంటారు, అన్నారు. నూరిపోసింది నేనే కదండీ, అన్నాను. అప్పుడు మాత్రం కాస్త నవ్వారు.

కంద పెట్టడం, అరటి పిలకలు పాతడం కూడా అయ్యాక, చీకటి పడకముందే అన్నయ్యగారి బండి చప్పుడు వినిపించింది. ఆయన లోపలికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేనిచ్చిన టీ తాగారు. మా అత్తగారిని ఆరోగ్యం అడిగారు. నేను ఎప్పుడెప్పుడా అని గోడకి ఆనుకుని నిలబడ్డాను. వదినగారు చేతులకి మట్టి కడుక్కోకుండానే వచ్చారు.

"పసుపు వేసేనండి," అన్నారు ఆయనతో.

ఆయన గ్లాసు కింద పెట్టారు. పెళ్ళాం పట్టింపు ఆయనకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మొత్తం వేసేసేవా, అని అడిగారు. మొత్తం వేసేనండి, రేపు నేను అమలాపురం రాను, అన్నారు ఆవిడ. ఆయన మా పెరడు వైపు చూశారు. గొంతు పెంచలేదు. మా వైపు మగవాళ్ళు గొంతు పెంచితే భయపడక్కర్లేదు, పెంచకపోతేనే. లేచి, భుజం మీద కండువాతో మొహం తుడుచుకుని, నాకు దణ్ణం పెట్టి, అంతే మెత్తగా అన్నారు.

"పసుపు బాగానే వస్తాదిలెండి చెల్లెమ్మగారూ. దీని చెయ్యి మంచిది. తవ్వేటప్పటికి మాత్రం ఇది రాదండి. ఏమీ అనుకోకండి."

వదినగారు బండెక్కి కూర్చున్నారు. నేను గుమ్మం దాకా పరిగెత్తాను. ఏదో చెప్పాలి. బండి కదిలాక ఆవిడే తల తిప్పి, రేపు పసుపుకి నీళ్ళు పొయ్యకండి, మట్టి చాలా తడిగా ఉంది, అన్నారు.

సోమవారం సంతకం పెట్టలేదని దింపు అతనే చెప్పాడు. తరవాత కూడా పెట్టలేదు. కార్తీకం వెళ్ళింది, చెట్లు ఉన్నాయి. ఆవిడ రాలేదు. ఫోన్ చేస్తే అబ్బాయి ఎత్తి, అమ్మ పనిలో ఉందండి, అంటాడు. వాడికి ఉద్యోగం చూస్తానన్నాను కదా, నాకు తెలిసిన ముగ్గురు నలుగురిని అడిగించాను, మా ఆయన చేత అమలాపురంలో తిప్పించాను, ఇంతవరకు ఏమీ కుదరలేదు. దింపుకి ఇప్పుడు అన్నయ్యగారే వస్తున్నారు. అదే చోట కుర్చీ వేసుకుని కూర్చుంటారు. దాహమేస్తే దడి దగ్గరకి వచ్చి మంచినీళ్ళు అడుగుతారు. నేను ఇస్తాను. వదినగారు ఎలా ఉన్నారండీ, అంటాను. ఆయ్, బాగానే ఉందండి, అంటారు. చెంబు తిరిగిచ్చేసి వెళ్ళిపోతారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ ఉండదు.

పసుపు నడుమెత్తు పెరిగింది. అంత పచ్చగా మా పెరట్లో ఎప్పుడూ పెరగలేదు. ఇప్పుడు మాఘం వచ్చింది. ఆకులు పండి పడిపోయాయి. తవ్వించవే, ఎండ ముదిరితే నేల గట్టిపడుతుంది, అని అత్తగారు రోజూ అంటున్నారు. మా ఆయన రెండుసార్లు గునపం తీసి గోడకి ఆనించారు, రెండుసార్లూ నేను తీసుకెళ్ళి అటక మీద పడేశాను. పసుపు నేలలో ఉంటే ఏం పోదు, తొలకరికి మళ్ళీ అదే మొలుస్తుంది. వేసిన చెయ్యే వచ్చి తవ్వాలి. రానివ్వనన్న ఆయనకి ఈసారి నీళ్ళిచ్చేటప్పుడు ఆ మాటే చెప్తాను, మొహమాటం లేకుండా చెప్తాను. చెంబు చేతికివ్వకముందే చెప్తాను. నేనైతే తవ్వను.